అరవై దాటినవాళ్లకూ ఫోన్ నేర్పండి

సంపాదకులకు నమస్కారం.

నేను పోస్ట్‌మ్యాన్‌గా చేసి రిటైరయ్యాను. నా సర్వీసులో ఎక్కువ భాగం సికింద్రాబాద్‌లోని చిలకలగూడ, వారాసిగూడ, పార్శీగుట్ట గల్లీల్లోనే గడిచింది. చదువు రానివాళ్లకు ఉత్తరం చదివి వినిపించడం, మనియార్డర్ పైసలు లెక్కపెట్టి చేతిలో పెట్టడం అప్పట్లో మా పనే. ఇప్పుడు అదే గల్లీల్లో పెద్దవాళ్లను కమ్యూనిటీ హాల్లో కూర్చోబెట్టి ఫోన్ వాడటం నేర్పుతున్నాను. అక్కడ చూసిన సంగతులు మీ పాఠకులకూ అధికారులకూ తెలియాలని రాస్తున్నాను.

కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్ తెచ్చింది. ఇంటికొకరికి 20 గంటల శిక్షణ. మంచి పథకమే. కానీ అది గ్రామాలకు మాత్రమే కాబట్టి పట్నం బస్తీలకు రాలేదు. వయసు 14 నుంచి 60 వరకే అన్నారు కాబట్టి ఊళ్లలోని ముసలివాళ్లకూ అందలేదు. 2024 మార్చితో ఆ పథకం కూడా ముగిసింది. పనులేమో ఒక్కొక్కటిగా ఫోన్లోకి పోతున్నాయి. ఆన్‌లైన్‌లో ఆధార్ చిరునామా మార్చాలన్నా, బ్యాంకు పని ఫోన్లో చేసుకోవాలన్నా ఓటీపీ అడుగుతున్నారు. ఎక్కువ ఇబ్బంది పడేది ఎవరో వాళ్లనే లెక్కలోంచి తీసేస్తే ఎట్లా?

"అవ్వకెందుకు ఫోన్, మనవడున్నాడు కదా" అని చాలామంది అంటారు. మనవడు పొద్దున డెలివరీ బండి తీస్తే రాత్రి పదింటికి ఇల్లు చేరతాడు. మధ్యలో మెసేజ్ వస్తే ఆమె జిరాక్స్ షాపు పిల్లాడికో, కిరాణా కొట్టతనికో చూపిస్తుంది. పిన్ నంబరు సగం గల్లీకి తెలిసిపోయిన పెద్దవాళ్లు మా దగ్గరున్నారు. పింఛను ఆగిపోతుందని ఎవడో ఫోన్ చేసి, ఒక ఫైల్ పంపి నొక్కమంటే నొక్కి, ఆ నెల పైసలన్నీ పోగొట్టుకున్న ఒక పెద్దమ్మ నా దగ్గరికి వచ్చింది. సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి వెంటనే ఫోన్ చేయాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. మనకు డబ్బు రావడానికి పిన్ కొట్టాల్సిన పనే లేదని కూడా చెప్పలేదు. ఈ రెండు ముక్కలు ప్రతి బస్తీలో ప్రతి ముసలి మనిషికీ నోటికి రావాలి.

నేర్పడంలో కష్టం ఎక్కడుందో దగ్గర కూర్చుంటేనే తెలుస్తుంది. గిన్నెలు తోమి, సిమెంటు కలిపి అరిగిపోయిన వేళ్లు అవి. ముట్టుకుంటే ఫోన్ పలకదు. పలకలేదని గట్టిగా అదిమిపెడతారు. అప్పుడు తెర మీది బొమ్మ కదిలి ఇంకో చోటికి పోతుంది, ఫోన్ పాడైందేమో అని టెన్షన్ పడి చేతులు వెనక్కి తీసుకుంటారు. నేను ఒక తడిగుడ్డ పెట్టుకుంటాను. వేలు కాస్త తడుపుకుని, అట్లా తాకి ఇట్లా తీసేయమంటాను. అక్షరాల సైజు పెంచి ఇస్తాను. ఓటీపీ చూసి వెనక్కి వచ్చేలోపు టైమ్ అయిపోతుంది కాబట్టి ముందు చీటీ మీద రాసుకుని, పనయ్యాక చించేయమంటాను. ఒక రోజుకు ఒకే పని, అదీ వాళ్ల ఫోన్లోనే, వాళ్ల వేలితోనే. నా చేతిలోకి ఫోన్ తీసుకుని చేసిపెడితే రెండు నిమిషాల్లో అయిపోతుంది, కానీ వచ్చే వారం మళ్లీ అదే పనికి వస్తారు.

చిలకలగూడలో రైల్వే ఉద్యోగుల భార్యలు, ఫ్యామిలీ పెన్షన్ మీద బతికేవాళ్లు చాలామంది ఉన్నారు. బతికే ఉన్నామని ఏటా నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి, 80 దాటినవాళ్లు అక్టోబరు నుంచే ఇవ్వొచ్చు. 2021 నుంచి ఫోన్లో ముఖం చూపించి కూడా ఇచ్చే సౌకర్యం వచ్చింది. వేలిముద్రలు అరిగినవాళ్లకు ఇది నిజంగా వరం. అయితే కళ్లు ఆర్పమని తెర మీద ఇంగ్లిష్‌లో వస్తుంది. అది అర్థంకాక వీళ్లు రెప్ప వేయకుండా అట్లాగే చూస్తూ కూర్చుంటారు, ఫోటో పడదు. హాల్లో ట్యూబ్‌లైట్ చాలదని కుర్చీ వరండాలో వేసి, పక్కన నిలబడి "అమ్మా, కళ్లు మూసి తెరువు" అంటే అయిపోతుంది. ఆ ఒక్క మాట తెలుగులోనూ ఉర్దూలోనూ ఫోనే చెప్పేట్టు చేయడం అంత కష్టమా?

ఎంత నేర్పినా పరిష్కారం కాని సమస్య ఒకటుంది. ఆధార్‌కు ఇచ్చిన నంబరు రీచార్జ్ లేక ఎప్పుడో పోయింది, లేదా వేరు కాపురం పెట్టిన కొడుకు దగ్గరుంది. ఓటీపీ అక్కడికి పోతుంది. ఆధార్ కేంద్రం వాళ్లు నెలకొకసారి బస్తీకే వచ్చి నంబర్లు మార్చిపెడితే సగం కష్టం తీరుతుంది.

ఇక చోటు సంగతి. ఆస్తిపన్నుతో పాటు 8 శాతం గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. శాఖా గ్రంథాలయాల్లో ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లల మధ్య స్థలం ఇరుకే, నాకు తెలుసు. అయినా వారంలో ఒక మధ్యాహ్నం, ఒక మూల చాలు. నేర్పేవాళ్లు బస్తీలోని మహిళా సంఘాల్లోనే ఉన్నారు, ఇంటర్ చదివిన కోడళ్లు ఉన్నారు. వాళ్లకు గంటకు ఇంత అని గౌరవంగా డబ్బివ్వాలి. ఉచిత సేవ అంటే రెండు నెలలకే ఆగిపోతుంది. వయసు పరిమితి మాత్రం పెట్టకండి.

మీకూ ఒక మనవి. వారానికొకసారి ఓ చిన్న పెట్టెలో, పెద్ద అక్షరాలతో, ఆ వారం ఏ కొత్త రకం మోసం నడుస్తోందో, 1930 నంబరుతో సహా వేయండి. చాయ్ హోటల్ దగ్గర పేపర్ ఒకరు చదువుతుంటే నలుగురు వినే అలవాటు మా దగ్గర ఇంకా ఉంది. ఆ పెట్టె కత్తిరించి హాలు గోడకు అంటించే బాధ్యత నాది.

ఇట్లు,
ఒక విశ్రాంత పోస్ట్‌మ్యాన్,
వారాసిగూడ, సికింద్రాబాద్