ఇకపై బౌండు సంపుటాలు విప్పి పేజీలు అమ్మను

పారిస్‌లోని మా కొట్టు నుంచి పాత ఫ్రెంచి వ్యంగ్య పత్రికల నాటక బొమ్మలు తెప్పించుకునే మీ అందరికీ నమస్కారం. ఈమధ్య సరుకు ఎందుకు తగ్గింది, ధరలు ఎందుకు పెరిగాయి అని చాలామంది అడుగుతున్నారు. బౌండు సంపుటాలు విప్పి, పేజీలు కోసి విడివిడిగా అమ్మడం మానేశాను. కారణం అదే.

లెక్క ప్రకారం ఇది నాకు నష్టమే. ఏడాది సంచికలున్న సంపుటం కొని, పేరున్న నటీనటుల బొమ్మలు మాత్రం కోసి అమ్మితే పెట్టిన డబ్బు కంటే ఎక్కువే వస్తుంది. మిగతాదంతా చెత్తలోకి పోతుంది. అది నేను చూడలేకపోతున్నాను.

ఆండ్రే గిల్ సంగతే చూడండి. 'లా లూన్', 'లెక్లిప్స్' పత్రికల మొదటి పేజీలో పెద్ద తల, చిన్న ఒళ్లు పెట్టి నటుల్ని, రచయితల్ని గీసేవాడు. అప్పట్లో సెన్సారు గట్టిగా ఉండేది. బొమ్మ వేయాలంటే ఆ మనిషి ఒప్పుకోలు కూడా కావాలి. ఆ ఒప్పుకోలు ఉత్తరాన్ని కొన్నిసార్లు బొమ్మ దగ్గరే అచ్చువేసేవారు. ఫ్రేములో పట్టాలని అంచులు కోసేస్తే ఆ ఉత్తరమే పోతుంది! 1867లో గిల్ ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్‌ను గీశాక 'లా లూన్' మూతపడింది, మరుసటి ఏడాది 'లెక్లిప్స్' మొదలైంది. 1881 పత్రికా చట్టం వచ్చాకే ఈ సెన్సారు పోయింది.

మరో వ్యంగ్య చిత్రకారుడు దోమియేది ఇంకో కథ. 1835 సెప్టెంబరు చట్టంతో రాజకీయ బొమ్మలకు దారి మూసుకుపోయింది. దాంతో ఆయన 'లె షారివారి' పత్రికలో మామూలు జనాన్ని, నాటకశాలల్ని గీశాడు. వేదిక మీద ఏడుస్తున్న నటుడికంటే కింద నోరు తెరుచుకుని చూస్తున్న ప్రేక్షకుల్ని ఆయన ఇంకా బాగా పట్టుకున్నాడని నా నమ్మకం. ఆ పేజీల వెనక వార్తల అచ్చు ఉంటుంది, కొద్దిగా ముందుకు కనిపిస్తుంది. దాన్ని లోపం అనుకోకండి. అది నిజంగా పత్రికలోంచి వచ్చిందనడానికి గుర్తు. వెనక ఖాళీగా ఉన్న మంచి కాగితం ప్రతులు వేరే ఉన్నాయి. అవి అరుదు, ఖరీదు కూడా ఎక్కువ.

ఇప్పటికే విడిపోయి దొరికిన పేజీలు మాత్రం అమ్ముతాను. 'లె రిర్' పత్రిక రంగు బొమ్మల్ని లిథోగ్రాఫులని, అంటే రాతి పలక మీద గీసి అచ్చువేసినవని, చాలాచోట్ల రాస్తారు. 1894 డిసెంబరులో చిత్రకారుడు తులూజ్-లోత్రెక్ వేసిన గాయని ఇవెత్ గిల్బేర్ బొమ్మ సహా, నిజానికి అవి ఫొటో పద్ధతిలో లోహపు పలకల మీదికి ఎక్కించి వేసినవి. నా దగ్గర అలాగే రాసి ఉంటుంది, ధర కూడా దానికి తగ్గట్టే. ఆ కాగితం చెక్క గుజ్జుది, పసుపెక్కి పెళుసుబారుతుంది. ఎండ తగిలే గోడకు మాత్రం దయచేసి పెట్టకండి.

ఫలానా నటి పేజీ కావాలని ముందే డబ్బు కట్టినవాళ్లు విడి పేజీ దొరికేదాకా ఆగవచ్చు. వద్దనుకుంటే ఒక మెసేజ్ పెట్టండి, మొత్తం వెనక్కి పంపుతాను. సంపుటం మొత్తం కావాలనుకునేవాళ్లకు వాయిదాల్లో ఇస్తాను.