లేత్ మీద పాలనీళ్లు తగ్గించాం, వదులైన షాఫ్టులు మార్చిస్తాం

మన ఒంగోలు లేత్ షాపుకి పని ఇచ్చే చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీల వాళ్లకీ, కొత్తపట్నం వైపు రొయ్యల చెరువుల రైతులకీ నమస్కారం. పోయిన నెల చేసిన ఏరేటర్ (చెరువు నీళ్లలో గాలి కలిపే మిషన్) ఎస్‌ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీల్) షాఫ్టులు బేరింగ్ దగ్గర వదులుగా ఉన్నాయని ముగ్గురు ఫోన్ చేశారు. తప్పు మాదే. బేరింగ్‌ది కాదు, మెటీరియల్‌దీ కాదు. ఎలా జరిగిందో మొదట్నుంచీ చెప్తాం.

లేత్ మీద టూల్ కోసేచోట పాలలా తెల్లగా కారే నీళ్లు మీరు చూసే ఉంటారు, వాటినే పాలనీళ్లు అంటాం. ఇరవై లీటర్ల నీళ్లకి లీటరు కటింగ్ ఆయిల్ కలుపుతాం. ఎండాకాలం ఆదివారం మిషన్ ఆగిందంటే సోమవారం షట్టర్ ఎత్తగానే కుళ్లిన కోడిగుడ్డు కంపు. అందులో బ్యాక్టీరియా పెరుగుతుంది. లేత్ నడిపే మా టర్నర్‌కి మోచేతుల దాకా దద్దుర్లు. పాడైన నీళ్లు చాలా ఏళ్లు పక్క కాలవలోకే వదిలాం, దాచేదేముంది. వాడేసిన ఆయిల్ 2016 రూల్స్ ప్రకారం ప్రమాదకర వ్యర్థం అని తెలిశాక కూడా కొన్నాళ్లు వదిలాం. ఇప్పుడు డ్రమ్ములో పట్టి, పర్మిషన్ ఉన్నవాళ్లకే ఇస్తున్నాం.

సంక్రాంతి తర్వాత పెద్ద లేత్‌కి ఎంక్యూఎల్ (అతి తక్కువ నూనెతో నడిచే పద్ధతి) బిగించాం. కంప్రెసర్ గాలితో కలిసి మొక్కల నూనె మంచులా టూల్ కొన మీదే పడుతుంది. గంటకి 50 మిల్లీలీటర్లు, అంటే అర టీ గ్లాసు! చిప్స్ (కోసిన ఇనుప తునకలు) పొడిగా వస్తున్నాయి. తుక్కు కొనే ఆయన తడి బరువు పేరుతో కోత పెట్టడం కూడా మానేశాడు.

అయితే ఈ నూనె రాపిడి తగ్గిస్తుంది గానీ నీళ్లలా చల్లార్చదు. మామూలు ఇనుములో వేడి చాలావరకు చిప్‌తోనే పోతుంది. ఎస్‌ఎస్ అలా కాదు, వేడిని పట్టుకుని కూర్చుంటుంది, వ్యాకోచమూ ఎక్కువే. 40 ఎంఎం షాఫ్టు 50 డిగ్రీలు వేడెక్కితే 30 మైక్రాన్లకి (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పైగా లావెక్కుతుంది. మేం వేడి మీదే మైక్రోమీటర్ పెట్టి, సైజు వచ్చిందని దించేశాం. చల్లారాక సన్నబడింది. వెనక్కి వచ్చిన ఒక షాఫ్టు మీద 6208 బేరింగ్ (లోపలి రంధ్రం 40 ఎంఎం) సుత్తి తగలకుండానే ఉంగరంలా జారిపోయింది. అది చూసి మా టర్నర్ ఆ పూట అన్నం కూడా తినలేదు.

ఇకనుంచి ఎస్‌ఎస్ ఫినిషింగ్‌కీ, లోతు రంధ్రాలకీ పాలనీళ్లే వాడతాం. రంధ్రంలోంచి చిప్స్ కడిగేయాలంటే ధార కావాల్సిందే. బీడు ఇనుము (కాస్ట్ ఐరన్) పుల్లీలు ఎప్పట్లాగే పొడిగానే, అందులోని గ్రాఫైటే దానికి నూనె. మిగతా ఎంఎస్ (మామూలు ఇనుము) పనులకి కొత్త ఎంక్యూఎల్ పద్ధతి. ఏ జాబైనా పూర్తిగా చల్లారాకే కొలుస్తాం కాబట్టి డెలివరీ ఒక పూట లేటవుతుంది. రేటు పెంచడం లేదు.

వదులైన షాఫ్టుకి బదులు కొత్తది ఊరికే చేసిస్తాం. చెరువులో రొయ్య ఉండగా ఏరేటర్ ఆపడం కుదరదు కదా, ముందు ఒక ఫోన్ చేయండి. కొత్తది మీ చేతికొచ్చాకే పాతది ఊడదీద్దురు.