నల్లా బిల్లు పెరిగిందని కిరాయిదారును అనే ముందు

సంపాదకుల వారికి నమస్కారం.

హైదరాబాద్‌లో కిరాయికి ఉండేవాళ్ళకు నల్లా బిల్లు నేరుగా రాదు. ఓనరుకు వస్తుంది, ఆ తర్వాత ఓనరు నోటి మాటగా మాకు చేరుతుంది. బిల్లు మీద ఎన్ని కిలోలీటర్లు పడ్డాయో, పోయిన నెల ఎన్ని ఉన్నాయో కళ్ళతో చూసిన కిరాయిదార్లు తక్కువ. ఈ మధ్య మా ఇంట్లో ఈ బిల్లు మీద పెద్ద మాటలే వచ్చాయి. అది తేలిన తీరు ఇంకొకరికి పనికొస్తుందని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మేం వనస్థలిపురంలో ఒక ఇంటి పై అంతస్తులో ఉంటున్నాం. నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు. కింద ఓనరు ఆంటీ, అంకుల్. బోరు ఎప్పుడో ఎండిపోయింది కాబట్టి ఆరుగురికీ ఒకటే నల్లా. నగరంలో 2021 జనవరి నుంచి నెలకు 20 కిలోలీటర్ల దాకా నీళ్ళు ఉచితం. దానికి మీటరు పనిచేస్తూ ఉండాలి, కనెక్షన్‌కు ఆధార్ లింక్ అయి ఉండాలి. మా ఇంటికి రెండూ ఉన్నాయి. వాడకం ఎప్పుడూ 17, 18 దగ్గరే ఉండేది, బిల్లు సున్నా వచ్చేది. అలాంటిది ఒక నెల 43 కిలోలీటర్లు అని వచ్చింది. కట్టాల్సింది ఏడు వందల పైచిలుకు.

ఆంటీ మనిషి మంచిదే. అయినా ఆ రోజు మెట్ల దగ్గర నిలబెట్టి, "మీ వాషింగ్ మెషిన్ వచ్చిన కాడి నుంచే ఇట్లయింది. ఇక మీద నీళ్ళకు నెలకు ఐదు వందలు వేరే ఇవ్వాలి" అన్నది. ఆ మాట పక్కింటి వాళ్ళ ముందు పడ్డది. ఐదు వందలు ఎలాగోలా సర్దుకుంటాం. కానీ నీళ్ళు పారబోసే మనుషులన్న పేరు పడితే ఇంకో ఇల్లు దొరకడమే కష్టం. మా వెనక వీధిలో ఇలాంటి బిల్లు మీదే మాటామాటా పెరిగి, చంటిపిల్లతో ఉన్న జంట సంవత్సరం మధ్యలో ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చింది.

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ ల్యాబ్‌లో పనిచేస్తాను. కొలత చూడకుండా మాట ఒప్పుకోవడం నాకు చేతకాదు. ముందు లెక్క వేశాను. 43 కిలోలీటర్లంటే 43 వేల లీటర్లు. ఆరుగురికి పంచితే మనిషికి రోజుకు 240 లీటర్ల దాకా వస్తుంది. మన దేశంలో ఊళ్ళకు నీటి పథకాలు వేసేటప్పుడు మనిషికి రోజుకు 135 లీటర్లు లెక్కగడతారు. మేం అంతకాలం వంద లీటర్లతో గడుపుకున్నవాళ్ళం. మెషిన్ ఒకసారి తిరిగితే వంద లీటర్లనుకున్నా, రోజూ వేసినా నెలకు మూడు కిలోలీటర్లు. పెరిగింది పాతిక! ఈ లెక్క కాగితం మీద రాసి చూపిస్తే అంకుల్ వెంటనే ఒప్పుకున్నారు. ఆంటీ మాత్రం "అయితే మీటరే చెడిపోయినట్టుంది" అన్నది.

ఈ మాట అందరిళ్ళలోనూ వింటాం. ఇళ్ళ మీటర్లకు ఐఎస్ 779 అనే భారత ప్రమాణం ఉంది. మామూలుగా ధార పారుతున్నప్పుడు మీటరు చూపే తేడా రెండు శాతానికి మించకూడదు. పాతబడి అరిగిన మీటరు సాధారణంగా తక్కువే చూపిస్తుంది, లేదంటే ఆగిపోతుంది. ఎక్కువ చూపించడానికి మన దగ్గర ఉన్న ఒక కారణం గాలి. రోజు విడిచి రోజు నీళ్ళొచ్చే చోట, నీళ్ళకంటే ముందు పైపులోని గాలి తోసుకొస్తుంది. నల్లా విప్పగానే బుస్సుమనే చప్పుడు అదే. చుక్క పడకముందే మీటరులో చక్రం గిర్రున తిరుగుతుంది. నేను చూసినప్పుడు మా ఇంట్లో అది కొన్ని లీటర్లకు మించలేదు. లైను చివర, మిట్ట మీద ఉన్న ఇళ్ళలో ఎక్కువ ఉండొచ్చు కాబట్టి ఆ అనుమానం ఉన్నవాళ్ళు నీళ్ళు పడకముందు, పడ్డాక రీడింగ్ రాసుకోవాలి.

ఇక లీకు. ఫోన్‌లో వెతికితే అందరూ చెప్పేది ఒకటే: రాత్రి కుళాయిలన్నీ కట్టేసి మీటరు రీడింగ్ రాసుకోండి, పొద్దున మారితే లీకు ఉన్నట్టు. ఇరవై నాలుగు గంటలూ నీళ్ళొచ్చే ఊళ్ళకు అది సరిపోతుంది. మనకు పనికిరాదు. మన మీటరు గేటు దగ్గర, సంపుకు ముందు ఉంటుంది. నల్లా రాని వేళ మీటరు ఎలాగూ తిరగదు. రాత్రంతా కదల్లేదు కదా, లీకు లేదు అనుకుంటే మోసపోతాం. మన ఇళ్ళలో ఈ పరీక్ష నీళ్ళొచ్చే వేళలోనే చేయాలి.

మాకు తెల్లవారుజామున ఐదింటికి వస్తాయి, రెండున్నర గంటలు ఉంటాయి. మా ఆయన సంపు మూత తీసి బోర్లా పడుకుని, సంపు నిండగానే నీళ్ళను ఆపే బాల్ వాల్వ్ బంతిని చేత్తో పైకెత్తి పట్టుకున్నాడు. సంపులోకి ధార ఆగింది. గేటు దగ్గరి కుళాయి కట్టేసే ఉంది. నేను మీటరు అద్దం మీద మట్టి తుడిచి, ఫోన్ లైటు వేసి చూశాను. అంకెల పక్కన చిన్న ఎర్ర నక్షత్రం ఉంటుంది, సన్నటి ధార పారినా తిరుగుతుంది. అది ఆగాలి. ఆగలేదు, తిరుగుతూనే ఉంది. పది నిమిషాల్లో 110 లీటర్లు నడిచింది. అంటే గంటకు 660, రెండున్నర గంటలకు 1,650, నెలకు పదిహేను తడవలు. లెక్క కడితే 24,750 లీటర్లు. మాకు పెరిగిన పాతిక కిలోలీటర్లు అక్కడే ఉన్నాయి.

పార్కింగ్ కింద తవ్విస్తే పాత ఇనప (జీఐ) పైపు మలుపు దగ్గర తుప్పు పట్టి, చిటికెన వేలు దూరేంత తెరుచుకుని ఉంది. పైన సిమెంటు కాబట్టి తడి కనపడలేదు. నీళ్ళు మట్టిలోంచి పక్కనున్న డ్రైనేజీలోకి పోతున్నాయి. పైపు మార్పించారు. తర్వాతి నెల వాడకం మళ్ళీ 18కి వచ్చింది. ఐదు వందల మాట ఆంటీయే వద్దన్నది.

ఆ రంధ్రం చూసినప్పుడు బిల్లు కంటే వేరే విషయం నన్ను భయపెట్టింది. నీళ్ళు వచ్చేటప్పుడు ఒత్తిడి వల్ల బయటికి పోతాయి సరే. నల్లా ఆగాక పైపు ఖాళీ అవుతుంది, అప్పుడు చుట్టూ ఉన్న మురుగు అదే రంధ్రంలోంచి లోపలికి దిగుతుంది. మరుసటి తడవ ముందుగా మన సంపులో పడేది అదే. పిల్లలు తాగే నీళ్ళు అవి. బిల్లు పెరగకపోతే ఎన్నాళ్ళు తాగేవాళ్ళమో! ఎక్కువ బిల్లు వస్తే తిట్టుకుంటూ కట్టేసి ఊరుకోవద్దని ఇంత గట్టిగా చెప్పడం అందుకే.

సంపు తర్వాత ఉండే లీకులు వేరుగా చూసుకోవాలి. మర్నాడు నల్లా రాని రోజు చూసుకుని, రాత్రి మోటారు కట్టేశాక సంపు గోడ మీద నీళ్ళ మట్టం దగ్గర సుద్దముక్కతో గీత పెట్టండి. పొద్దున మోటారు వేయకముందు మట్టం గీత కిందికి దిగి ఉంటే సంపుకే పగులుంది. పై ట్యాంకుకూ ఇదే పద్ధతి, కాకపోతే రాత్రంతా ఎవరూ నీళ్ళు వాడకూడదు. ఫ్లష్ ట్యాంకులో కొంచెం పసుపు కలిపి, ఫ్లష్ చేయకుండా వదిలేస్తే, లీకు ఉన్నప్పుడు కాసేపట్లో కమోడ్‌లో పసుపు రంగు కనిపిస్తుంది.

నీటి బోర్డు అధికారులకు రెండు మనవులు. బిల్లు మీద గత ఆరు నెలల వాడకం పక్కపక్కన అచ్చు వేయండి. ఏ నెలైనా వాడకం రెట్టింపయితే అదే రోజు మెసేజ్ పంపండి, ఆ మెసేజ్ కిరాయిదారు ఫోన్‌కూ చేరేలా ఓనరు రెండో నంబరు ఇచ్చే వీలు ఉండాలి. రెండోది, భూమిలోపలి పైపు పగిలి బిల్లు పెరిగిందని, దాన్ని బాగుచేయించామని ఫొటోలు, ప్లంబర్ రసీదు చూపించిన ఇంటికి ఆ నెలల అదనపు మొత్తంలో కొంతైనా తగ్గించాలి. మా పిన్ని కూతురు ఇంగ్లండ్‌లో ఉంటుంది. అక్కడ మీటరున్న ఇళ్ళకు భూమిలోని పైపు లీకైతే, రిపేరు చేయించాక నీటి కంపెనీలు లీకేజీ అలవెన్స్ పేరుతో బిల్లులో తగ్గింపు ఇస్తాయి. అలాంటి వెసులుబాటు ఉంటే జనం లీకు దాచిపెట్టరు, తొందరగా బాగుచేయిస్తారు. కృష్ణా, గోదావరి నీళ్ళను నూరు కిలోమీటర్లకు పైగా కరెంటు పెట్టి నగరానికి తోడుకొస్తున్నాం. ఇంటి గేటు దాటాక ఆ నీళ్ళు మట్టిలో కలిసిపోవడం ఎవరికీ లాభం కాదు.

ఓనర్లను కూడా ఒకటి అడుగుతున్నాను. కిరాయిదారు దగ్గర నీళ్ళ డబ్బులు అడిగినప్పుడు నోటితో చెప్పకుండా బిల్లు చేతికివ్వండి, మీటరు దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్ళి చూడండి. ఇల్లు చేరేటప్పుడు రాసుకునే అగ్రిమెంట్‌లో ఆ రోజు మీటరు రీడింగ్ కూడా ఒక లైన్ రాసుకుంటే మరీ మంచిది.

ఇట్లు,
ఒక కిరాయిదారు,
వనస్థలిపురం, హైదరాబాద్