కాలానికీ ఒక ఎడమ పక్క ఉంది

ఒరేయ్ గడియారం,

తిట్టేదంతా ముందే తిట్టేసి, తర్వాత చదువు. నీ ఉత్తరం వచ్చి ఎంత కాలమైందో నాకు తెలుసు, జవాబు ఇంత ఆలస్యం చేసినందుకు ఏం చెప్పినా తక్కువే. క్షమించు. ఇక్కడ అందరం బాగున్నాం. ఇల్లు మారాం, పుస్తకాల పెట్టెలు ఇంకా విప్పలేదు, అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది, నా ఉద్యోగం ఎప్పటిలాగే ఉంది. వార్తలు అయిపోయాయి. ఇక అసలు సంగతి. ఇది నీకు చెప్తే తప్ప నాకు నిద్ర పట్టేలా లేదు.

మన మేడమెట్ల వాదన గుర్తుందా? ఆ రాత్రి నువ్వు గోడకు ఆనుకుని, "కాలాన్ని దూరం మాటల్లో చెప్పడం వట్టి మాట తీరురా. పరీక్షలు దగ్గర పడ్డాయంటే అవేమన్నా కాళ్లతో నడిచొస్తున్నాయా?" అన్నావు. కాదురా, ఆ మాటల కింద ఇంకేదో ఉంది అని నేను. ఉంటే చూపించు ప్లీడరూ అని నువ్వు. ఆ రోజు నా దగ్గర చూపించడానికి ఏమీ లేదు. ఇప్పుడు ఉంది. మెల్లిగా చెప్తాను, మధ్యలో అడ్డు రాకు (ఉత్తరంలోనైనా నాకు ఆ సౌకర్యం ఉండాలి కదా).

మెదడు కుడిభాగంలో స్ట్రోక్ వచ్చినవాళ్లలో కొందరికి ఒక వింత స్థితి వస్తుంది. డాక్టర్లు నెగ్లెక్ట్ అంటారు. కళ్లు బాగానే పనిచేస్తుంటాయి. కానీ ఎడమ పక్క అన్నదే వాళ్ల ధ్యాసలోంచి జారిపోతుంది. కంచంలో కుడి సగం తినేసి అన్నం అయిపోయిందంటారు, కంచం అటుదిటు తిప్పి పెడితే మిగిలిన సగం తింటారు. గడ్డం కుడి చెంప వరకే గీసుకుంటారు. కాగితం మీద అడ్డంగా గీత గీసి, సరిగ్గా మధ్యలో గుర్తు పెట్టమంటే కుడివైపుకు జరిగి పెడతారు. పైగా అదే మధ్య అని వాళ్లకు పూర్తి నమ్మకం.

ఇక నీ పేరున్న పరీక్ష. గుండ్రంగా ఒక సున్నా గీసి ఇచ్చి, గడియారం అంకెలు వెయ్యమంటారు. 12 పైన పెడతారు. 1, 2, 3 అంటూ కుడివైపునుంచి చక్కగా దిగుతారు. 6 దాటాక ఎడమవైపు ఎక్కాలి కదా, ఎక్కరు. కొందరు అక్కడితో ఆపేస్తారు. కొందరు 7 నుంచి మిగిలిన అంకెలన్నీ కూడా ఆ కుడి సగంలోనే ఒకదాని మీద ఒకటి ఇరికిస్తారు. అలాంటి బొమ్మ ఒకటి చూశాను. ఎడమ సగం అంతా తెల్ల కాగితం, కుడి అంచున అంకెలు కిక్కిరిసి ఉన్నాయి. వేసినవాళ్లకు అందులో లోపమేమీ కనిపించదు. చాలాసేపు ఆ బొమ్మనే చూస్తూ ఉండిపోయాను.

ఇంతవరకూ ఇది చూపు, ధ్యాస సంగతి అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. తర్వాత మిలాన్ ముచ్చట చదివాను. 1978లో బిసియాక్, లుజాటి అనే ఇద్దరు ఇటలీ పరిశోధకులు ఈ స్థితిలో ఉన్న ఇద్దరు రోగులను ఒక ప్రశ్న అడిగారు. మిలాన్‌లో పెద్ద చర్చి ముందు ఒక చౌరస్తా ఉంది, పియాత్సా దెల్ దువోమో. రోగులకు అది బాగా తెలిసిన చోటే. చర్చికి ఎదురుగా, చౌరస్తాకు ఆ చివర నిలబడి చర్చివైపు చూస్తున్నట్టు ఊహించుకుని, ఏమేం కనిపిస్తున్నాయో చెప్పమన్నారు. కుడివైపు ఉన్న భవనాలు, దుకాణాలే చెప్పారు. ఎడమవి దాదాపు లేవు. సరే, ఇప్పుడు చర్చి గుమ్మం దగ్గర నిలబడి ఇటు తిరిగి చూస్తున్నట్టు ఊహించుకోండి అన్నారు. ఇందాక చెప్పనివన్నీ ఇప్పుడు చెప్పారు! ఇందాక చెప్పినవి మాయమయ్యాయి!

ఆలోచించరా. కళ్ల ముందు ఏమీ లేదు, అంతా జ్ఞాపకమే. ఆ జ్ఞాపకం కూడా ఎక్కడికీ పోలేదు, మనసులో అటు తిరగగానే బయటికొచ్చింది. అంటే మనం గుర్తు చేసుకునేటప్పుడు కూడా ఎక్కడో ఒకచోట నిలబడి, ఒకవైపు తిరిగి చూస్తున్నామన్నమాట. ఆ చూపులో ఎడమ పడిపోతే జ్ఞాపకంలోనూ ఎడమ పడిపోతుంది.

ఇప్పుడు నీకు చెప్పాలని నేను తహతహలాడుతున్న ముక్క. 2014లో ఆర్నో సాజ్, లేరా బొరొడిట్‌స్కీ అనే పరిశోధకులు మరికొందరితో కలిసి ఇలాంటి రోగులకే ఒక కథ ఇచ్చారు. ఒక కల్పిత మనిషి. పదేళ్ల కిందట అతనికి ఏమేం ఇష్టమో కొన్ని, ఇంకో పదేళ్లకు ఏమేం ఇష్టమవుతాయో కొన్ని. వాటిని నేర్చుకోమని, తర్వాత ఏది ఎప్పటిదో అడిగారు. నెగ్లెక్ట్ ఉన్న రోగులు 7 మంది, స్ట్రోక్ వచ్చినా నెగ్లెక్ట్ లేనివాళ్లు 7 మంది, ఆరోగ్యవంతులు 7 మంది. ఇందులో ఎడమ, కుడి అనే మాటకు పనే లేదు కదా. అయినా నెగ్లెక్ట్ ఉన్నవాళ్లకు గతం సంగతులు తక్కువగా గుర్తున్నాయి. గుర్తున్న వాటిని కూడా తరచూ భవిష్యత్తు ఖాతాలో వేశారు. ఎడమ పక్క పోయినవాళ్లకు గతం పోయింది!

ఎందుకంటావా? ఎడమ నుంచి కుడికి చదివేవాళ్లం మనసులో కాలాన్ని కూడా అలాగే పరుస్తాం. నిన్న ఎడమన, రేపు కుడిన. ఏ టీచరూ మనకిది నేర్పలేదు, ఏ మాటలోనూ ఇది లేదు. నిన్నటిని "ఎడమ రోజు" అని ఎవరైనా అంటారా చెప్పు? నీ మాట తీరు వాదన ఇక్కడే కూలిపోయిందిరా. నోటితో ఎప్పుడూ అనని దిక్కు మెదడులో అంత గట్టిగా ఉంది, మెదడు దెబ్బతింటే దాంతోపాటే కాలమూ దెబ్బతినేంత గట్టిగా.

7 మంది తక్కువే, ఒప్పుకుంటాను. ఇలాంటి రోగులు కోరుకున్నంత మంది దొరకరు మరి. కానీ ఈ ఒక్కదాని మీదే నా నమ్మకం నిలబడలేదు, ఇంకా ఉన్నాయి.

ఇది రాస్తుంటే మనసు ఒకలా అయిపోయింది. ఎవరో ఒక పెద్దాయన, తన గడిచిన రోజులవైపు తిరగలేకపోతున్నాడు, తిరగలేకపోతున్నానన్న సంగతి కూడా ఆయనకు తెలియదు. ఇంట్లోవాళ్లు... సరే, వదిలెయ్.

మొన్న మధ్యాహ్నం దీన్ని ఇక్కడ ఆపాను, ఇప్పుడు మళ్లీ కూర్చున్నాను. ఈలోగా ఒక ప్రశ్న పట్టుకుంది. ఎడమ అంటే ఎవరి ఎడమ? అరబ్బీ చదివేవాళ్లది కుడి నుంచి ఎడమకు. 1991లో బార్బరా ట్వెర్‌స్కీ వాళ్లు పిల్లలకూ పెద్దలకూ స్టిక్కర్లిచ్చి, పొద్దున తిండి, మధ్యాహ్నం తిండి, రాత్రి తిండి కాగితం మీద ఎక్కడెక్కడ అని పెట్టమన్నారు. ఇంగ్లీషు వాళ్లు ఎడమ నుంచి కుడికి పెట్టారు, అరబ్బీ వాళ్లు ఎక్కువగా కుడి నుంచి ఎడమకు, హీబ్రూ వాళ్లు ఈ రెంటికీ మధ్య. అలాగైతే అరబ్బీ మాత్రమే చదివిన మనిషికి ఇదే స్ట్రోక్ వస్తే పోవాల్సింది భవిష్యత్తు కదా? బడిలో అక్షరాలు ఏ వైపు నుంచి దిద్దామన్న దాన్నిబట్టి, రేపు స్ట్రోక్ వస్తే గతం పోతుందా భవిష్యత్తు పోతుందా అన్నది తేలుతుందంటే... నాకు ఒళ్లు జలదరించింది. నువ్వు ఏమంటావో రాయి.

ఇంకా ముందుకు పోదాం. ఎడమా కుడీ అసలు వాడనివాళ్లు ఉన్నారు. నువ్వు స్కూటర్ వెనక కూర్చుని "అటు, అటు కాదు, ఆ అటు" అని దారి చెప్పే రకం కాదులే, నీది వేరే జబ్బు. ఆస్ట్రేలియా ఉత్తరాన కేప్ యార్క్ దగ్గర పోర్ంపురావ్ అనే చోటు ఉంది, అక్కడ కూక్ థాయోర్ మాట్లాడేవాళ్లు ప్రతిదీ తూర్పు పడమరల్లోనే చెప్తారు. 2010లో బొరొడిట్‌స్కీ, ఆలిస్ గాబీ అచ్చేసిన పరిశోధన ఇది. వాళ్లకు బొమ్మల కార్డులిచ్చారు. ఒక మనిషి పసితనం నుంచి ముసలితనం వరకు, ఒక మొసలి పెరగడం, ఒక అరటిపండు తినడం పూర్తవడం, ఇలాంటివి. కలిపేసి ఇచ్చి, నేల మీద వరసగా పేర్చమన్నారు. ఒకసారి ఒకవైపు తిరిగి, ఇంకోసారి వేరేవైపు తిరిగి కూర్చోబెట్టారు. ఎటు కూర్చోబెట్టారో ఆ దిక్కు పేరు మాత్రం చెప్పలేదు.

దక్షిణం చూస్తూ కూర్చున్నప్పుడు ఎడమ నుంచి కుడికి పేర్చారు. ఉత్తరం చూస్తూ కూర్చున్నప్పుడు కుడి నుంచి ఎడమకు. తూర్పు చూస్తున్నప్పుడు మొదటి కార్డు దూరంగా, తర్వాతివి ఒక్కొక్కటీ తమవైపుకి. నేనైతే ఒక కాగితం మీద దిక్కులు గీసుకుని, అగ్గిపుల్లలు పెట్టి తిప్పి చూస్తే గానీ అర్థం కాలేదు: ఎటు కూర్చున్నా తూర్పు నుంచి పడమరకే! పసివాడు తూర్పున, ముసలాయన పడమరన. మనిషి ఎటు తిరిగితే అటు మన కాలం మనతో తిరుగుతుంది. వాళ్లది తిరగదు. నేల ఎలా ఉందో కాలమూ అలాగే ఉంటుంది. ఆ మనిషి లోపల ఎంత వేరే రకమైన నిశ్చింత ఉండాలిరా! చెప్పకుండానే ఎప్పుడూ తూర్పు ఎటో తెలిసి ఉండటం... దీని గురించి ఇంకా ఏదో రాయాలి, మాట దొరకడం లేదు.

నువ్వు ఇప్పుడు లేచి, "అయితే భాషే కదా అంతా చేస్తోంది, నేనన్నదే గెలిచింది" అంటావు. అననివ్వను. 2014లోనే స్పెయిన్‌కు చెందిన హువాన్మా డె లా ఫుయెంతే వాళ్లు మొరాకో వాళ్లను పరిశీలించారు. వాళ్ల అరబ్బీలో రాబోయేది ముందు ఉన్నట్టు, గడిచింది వెనక ఉన్నట్టే మాటలున్నాయి. కానీ ఒక మనిషి బొమ్మ ముందొక పెట్టె, వెనకొక పెట్టె గీసి, నిన్నటిది ఎందులో, రేపటిది ఎందులో వేస్తావంటే, ఎక్కువమంది నిన్నటిని ముందు పెట్టెలో వేశారు. స్పెయిన్ వాళ్లలో ఎక్కువమంది రేపటిని ముందు పెట్టారు. పరిశోధకులు చెప్పిన కారణం నాకు నచ్చింది. పెద్దల పద్ధతులకు, గడిచినదానికి ఎక్కువ విలువ ఇచ్చేవాళ్లకు గతమే కళ్లెదుట ఉంటుందట. నోరు ఒకవైపు చూపిస్తే చెయ్యి ఇంకోవైపు పెట్టింది. మాట ఒక్కటే దీన్ని కట్టలేదన్నది నా నమ్మకం. చదివే దారి కట్టింది, దేని మీద మనసుందో అది కట్టింది, మాటా కొంత కట్టింది.

ఆండీస్ కొండల్లో అయ్‌మారా వాళ్లకు మాటల్లోనే గతం ముందు, భవిష్యత్తు వెనక. రాబోయే సంగతి చెప్తూ చేతిని భుజం మీదుగా వెనక్కి ఊపుతారట. అది పెద్ద కథ, ఇంకోసారి.

ఆ గీతల ప్రయోగం మాత్రం చెప్పి తీరాలి, మేడమెట్ల మీద నువ్వు పందెం కాసింది దీనిమీదే. 2008లో డేనియల్ కసాసాంటో, బొరొడిట్‌స్కీ చేశారు. కంప్యూటర్ తెర మీద ఒక గీత పెరుగుతుంది, ఆగి మాయమవుతుంది. ఎంత పొడవు పెరిగిందో లేక ఎంతసేపు ఉందో చెప్పాలి, అంతే. 1 సెకను నుంచి 5 సెకన్ల లోపే అన్నీ. పొడవైన గీత ఎక్కువసేపు ఉన్నట్టు, పొట్టిది తక్కువసేపు ఉన్నట్టు అనిపించింది జనానికి, ఉన్న సమయం ఒకటే అయినా. తిరగేసి చూస్తే? ఎక్కువసేపు ఉన్న గీత పొడవుగా అనిపించిందా? లేదు! దూరం కాలాన్ని లాగుతుంది, కాలం దూరాన్ని లాగలేదు. రెండూ సమానంగా ఒకదాన్నొకటి లాగుతాయని నువ్వు పందెం కాశావు, ఐస్‌క్రీం బాకీ. దూరాన్ని కళ్లతో చూడగలం, చేత్తో కొలవగలం. కాలం చేతికి చిక్కదు. అందుకే దాన్ని పట్టుకోవడానికి దూరాన్ని అరువు తెచ్చుకుంటాం అని నాకనిపిస్తోంది.

కానీ 2010లో ఇలాంటి పనినే రీసస్ కోతుల చేత చేయించారు. వాటిలో రెండూ ఒకదాన్నొకటి లాగాయి! అంటే నీ పందెం మనుషుల్లో ఓడి కోతుల్లో గెలిచింది. మరి మనుషుల్లో ఆ సమానత ఎందుకు పోయింది, భాష వచ్చాకేనా, లేకపోతే చేతులతో వస్తువులు పట్టుకుని కొలవడం నేర్చినందుకా, ఇక్కడ నా ఆలోచన ఏమిటంటే

కింద హారన్ కొడుతున్నారు. నన్ను తీసుకెళ్లడానికి వచ్చారు, ఇంకా చొక్కా కూడా మార్చుకోలేదు. కవరు అంటించేస్తున్నాను. కోతుల సంగతి, అరబ్బీ ప్రశ్న, రెండింటికీ జవాబు రాయి. ఐస్‌క్రీం సంగతీ తేల్చు.

నీ
ప్లీడరు