కార్యదర్శి వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది జరిగినవన్నీ వరసగా చెప్పేముందు, మనమంతా గర్వపడాల్సిన ఒక ఆదివారం గురించి చెప్పాలి. మారతహళ్లిలో ఒక సభ్యుల ఇంటి మేడ మీద గదిలో, ఏడీసీ (సెన్సర్ ఇచ్చే వోల్టేజీని అంకెగా మార్చే భాగం) రీడింగులు కచ్చితంగా రావాలంటే ఏం చేయాలో పిల్లలకు నేర్పించాం.

ఎస్పీ రోడ్డులో కొన్న ఎల్ఎం35 అనే ఉష్ణోగ్రత సెన్సర్‌ను ఆర్డునో ఊనో అనే చిన్న కంప్యూటర్ బోర్డుకి కలిపాం. గోడ మీది థర్మామీటరు 27 డిగ్రీలు చూపిస్తోంది. స్క్రీన్ మీద మాత్రం 28.3, ఉండి ఉండి 28.8. సెన్సర్ పాడైందని ఒక అబ్బాయి పీకేయబోయాడు. ఇంకొకరు 16 రీడింగుల సగటు తీశారు. గెంతులు తగ్గాయి, తప్పు అలాగే ఉంది. అప్పుడు ఒక అమ్మాయి వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ తీసుకుని 5 వోల్టుల పిన్ను మీద పెట్టింది: 4.70! యూఎస్‌బీ నుంచి వస్తున్న వోల్టేజీ అంతే. ఏడీసీ దానితోనే పోల్చి కొలుస్తుంది, ప్రోగ్రాంలో మాత్రం మనం 5.00 అని రాసుకున్నాం. తూకం రాయి అరిగిపోతే సరుకు ఎక్కువ తూగినట్టు కనిపిస్తుంది కదా, ఇదీ అంతే.

ఊనోలోని ఏటీమెగా 328పీ చిప్పు ఏడీసీ 10 బిట్లది, అంటే 1024 మెట్లు. 5 వోల్టుల రిఫరెన్సుతో (అంటే ఏడీసీ పోల్చి చూసే వోల్టేజీతో) ఒక్కో మెట్టు దాదాపు 4.9 మిల్లీవోల్టులు. ఎల్ఎం35 డిగ్రీకి 10 మిల్లీవోల్టులు ఇస్తుంది కాబట్టి మెట్టు మారితే అర డిగ్రీ దూకుతుంది. చిప్పులోపలి 1.1 వోల్టు రిఫరెన్సుకి మార్చాక మెట్టు డిగ్రీలో పదో వంతుకి దిగింది. ఆ 1.1 కూడా చిప్పును బట్టి 1.0 నుంచి 1.2 దాకా ఉండొచ్చు. అందుకే ఆ రిఫరెన్సు బయటికి అందే ఏరెఫ్ పిన్ను దగ్గర కొలిచి, వచ్చిన అంకెనే ప్రోగ్రాంలో వేశాం. ఆ పిన్నుకీ గ్రౌండుకీ మధ్య 100 నానోఫారడ్ కెపాసిటర్ పెట్టాం, రిఫరెన్సు మార్చాక వచ్చే మొదటి కొన్ని రీడింగులు వదిలేశాం. థర్మామీటరూ స్క్రీనూ ఒకే మాట చెప్పినప్పుడు పిల్లలు కొట్టిన చప్పట్లకి కింది వాటాల వాళ్లు పైకొచ్చి చూశారు.

రెండో క్లాసులో బ్యాటరీ వోల్టేజీ కొలవడానికి పెద్ద రెసిస్టర్లు వాడితే రీడింగు ఎందుకు తప్పుగా వస్తుందో చూపించాం. ఏడీసీకి సిగ్నల్ ఇచ్చే వైపు నిరోధం 10 కిలో ఓమ్‌లు దాటకూడదన్నది అందరూ గుర్తుపెట్టుకోవాలి.

గది ఇచ్చిన దంపతులకు, పులిహోర చేసి పంపిన అక్కలకు, సోల్డరింగ్ ఐరన్లు అరువిచ్చిన మిత్రులకు, పొద్దున్నే వచ్చి బల్లలు సర్దిన కుర్రాళ్లకు పేరుపేరునా కృతజ్ఞతలు.

బాధపడుతూనే ఒక మాట చెప్పాలి. వాలంటీర్లుగా పేర్లిచ్చినవాళ్లలో సగం మంది కూడా రాలేదు. ఫోన్ చేస్తే ట్రాఫిక్ అన్నారు. బెంగళూరులో ట్రాఫిక్ లేనిదెప్పుడు? వచ్చిన నలుగురే ఇరవై బోర్డులూ చూసుకున్నారు. ప్రభుత్వ పాఠశాలలో ఇదే క్లాసు పెట్టడానికి ఇచ్చిన అర్జీకి, సంబంధిత కార్యాలయానికి మూడుసార్లు వెళ్లినా జవాబు రాలేదు.

జమాఖర్చుల పట్టీ ప్రతులు బల్ల మీద ఉన్నాయి. కోశాధికారి గారు సరిచూశారు, చూసి ఆమోదించగలరు.

వచ్చే ఏడాది క్లాసులకి రెండు మంచి మల్టీమీటర్లు కావాలి. ఇవ్వగలిగినవాళ్లు సమావేశం అయ్యాక నన్ను కలవండి.

ఇట్లు,
కార్యదర్శి, బెంగళూరు