తుమ్మలబయలు దారిలో చెప్పులిచ్చిన పెద్దాయనకి

మల్లన్నకి ఇరుముడి సమర్పించి గుంటూరు చేరాం. అందరం క్షేమం. ఫోన్లు ఎత్తడం లేదని ఏమీ అనుకోకండి, మాట్లాడితే దగ్గొస్తోంది. కాళ్ళకి కట్లు, జుట్టులో ఇంకా పొగ వాసన. ఈ నాలుగు మాటలూ రాసేసి పడుకుంటాను.

త్రిపురాంతకం దాకా నడక బాగానే సాగింది. శ్రీశైలానికి తూర్పు ద్వారం అదే కదా, అక్కడ దణ్ణం పెట్టుకుని కదిలాం. దోర్నాల దాటాక దాదాపు 50 కిలోమీటర్లు అడవే. శివరాత్రి నాటికి నల్లమలలో ఆకు రాలి గలగలలాడుతుంటుంది. ఎవరు పారేసిన బీడీయో, ఎవరు ఆర్పకుండా పోయిన పొయ్యో, అంటుకుంది. మంట మోకాలెత్తు కూడా లేదు, ఆకు మీద పాకుతూ రోడ్డు దాకా వచ్చేసింది. పొగకే భయం వేసింది. మావాళ్ళంతా ఓ పక్క, నేనొక్కదాన్నీ ఇంకో పక్క అయిపోయాం.

అప్పుడొచ్చాడాయన. మంటలార్పే వాచర్, చెంచు పెద్దాయన. చేతిలో పచ్చి కొమ్మ, మొహమంతా మసి. తన సీసాలో అడుగున మిగిలిన నీళ్ళతో తువ్వాలు తడిపి ముక్కుకి కట్టుకోమన్నాడు. అప్పటికే కాలి ఆరిన మేర మీదుగా దాటిస్తానన్నాడు. నేల ఇంకా వేడి. మాలలో ఉన్నాను, కాళ్ళకి చెప్పుల్లేవు. ఆయన తన చెప్పులు విడిచి నా ముందు పెట్టాడు.

"దీక్షలో ఉన్నాను పెద్దాయనా, వేసుకోకూడదు" అన్నాను.

"ఏసుకో తల్లీ. మల్లన్న మా ఇంటి అల్లుడే. నేను చెప్తాలే, ఏమనడు."

గుంటూరులో బయల్దేరినప్పటి నుంచీ రాని ఏడుపు అక్కడొచ్చింది. మల్లన్న చెంచుల పిల్లని చేసుకున్నాడని చిన్నప్పటి నుంచీ వింటున్నదే. ఆ చుట్టరికం అడ్డం పెట్టి నా కాళ్ళు కాపాడతారని ఎప్పుడైనా అనుకున్నానా? ఆ బూడిదలో ఆయన ఒట్టి కాళ్ళతో నడిచాడు. డబ్బులివ్వబోతే చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. పేరడిగితే, అటుపక్క ఇంకో మంట ఉందని చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

అవి మడమ దగ్గర అరిగిపోయిన రబ్బరు చెప్పులండీ! మంటలార్పే మనిషికి బూట్లివ్వరా? అడవి అంటుకుంటే ఉపగ్రహం కనిపెడుతుంది, డెహ్రాడూన్‌లోని అటవీ సర్వే ఆఫీసు నుంచి అడవి సిబ్బంది ఫోన్లకి మెసేజీలొస్తాయి. అడవి చెక్‌పోస్టు గేటు దగ్గర మా సంచుల్లో ప్లాస్టిక్ కోసం అంతసేపు వెతికినవాళ్ళు "ముందు మంటలున్నాయి, కాసేపాగండి" అని ఒక్క మాట అనలేదు. ఇంతమంది నడిచే రోజుల్లో ఒక మైకు పెట్టలేరా? సరే, ఓపికొచ్చాక అర్జీ రాస్తాను.

మా ఆయన, తమ్ముడు, మరదలు ఎంత చేశారో వాళ్ళకే తెలుసు, వేరే చెప్పక్కర్లేదు. దోర్నాలలో బొబ్బలకి మందురాసి కట్టు కట్టిన మందుల షాపబ్బాయికి కృతజ్ఞతలు.

ఉగాదికి అటు వెళ్ళేవాళ్ళుంటే చెప్పండి, వాచర్లకి బూట్లు పంపిస్తాను. సైజులు మాత్రం మీరే కనుక్కోవాలి.

అయ్యో, టెంపో డ్రైవరు తమ్ముణ్ణి మర్చేపోయాను! పొగలో హారన్ కొట్టుకుంటూ తిరిగి మావాళ్ళని నా దగ్గరకి చేర్చింది అతనే. వినుకొండ దగ్గర ఎండలో పిలిచి మజ్జిగ పోసిన అక్కగారూ, మీక్కూడా.