హైదరాబాద్ స్పిన్నర్ల పట్టికలో ఐదో పేరు

సంపాదకులకు,

అయ్యా,

హైదరాబాద్ స్పిన్నర్ల గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. గులాం అహ్మద్‌తో మొదలై శివలాల్ యాదవ్, అర్షద్ అయూబ్‌ల మీదుగా వెంకటపతి రాజు దాకా వచ్చిన ఆ వ్యాసం, రాజు తరువాత ఆ నగరం నుంచి చెప్పుకోదగ్గ స్పిన్నరే రాలేదన్నట్టు ముగిసింది. పక్కన వేసిన పట్టికలో కూడా నాలుగు పేర్లే ఉన్నాయి. ప్రజ్ఞాన్ ఓఝా పేరు లేదు.

పర్లాకిమిడిలో చాలా ఏళ్ళు లెక్కలు చెప్పి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి గనుక ముందు లెక్కే చూస్తాను. గులాం అహ్మద్ 22 టెస్టులలో 68 వికెట్లు తీశారు. అయూబ్ 13 టెస్టులలో 41, రాజు 28 టెస్టులలో 93, శివలాల్ 35 టెస్టులలో 102 తీశారు. ఓఝా ఆడినవి 24 టెస్టులు, తీసినవి 113 వికెట్లు. అంటే హైదరాబాద్ రంజీ జట్టు నుంచి భారత జట్టుకు వెళ్ళిన స్పిన్నర్లలో టెస్టు వికెట్లు అందరికంటే ఎక్కువ తీసినవాడి పేరే మీ పట్టికలో లేదన్నమాట. టెస్టుకు ఎన్ని వికెట్లని చూస్తే శివలాల్‌కు మూడు కూడా పూర్తిగా రావు, ఓఝాకు నాలుగున్నర దాటుతాయి.

ఈ లెక్కకు ఒక అభ్యంతరం ఉందని నేనే ఒప్పుకుంటాను. ఓఝా ఎక్కువగా బౌలింగ్ చేసింది బంతి తిరిగే మన పిచ్‌ల మీద; విదేశీ పర్యటనలలో ఆయనకు తుది జట్టులో చోటు దొరకడం అరుదు. 1986లో సిడ్నీలో శివలాల్ ఒక ఇన్నింగ్స్‌లో ఐదు వికెట్లు తీసినటువంటి రోజు ఓఝాకు రాలేదు. అయితే 1990లో శ్రీలంక మీద 12 పరుగులకే 6 వికెట్లు తీసిన రాజు కూడా ఆ పని చేసింది మన గడ్డ మీద, చండీగఢ్‌లోనే కదా. ఒకరికి గొప్ప అయినది మరొకరికి లోపం ఎలా అవుతుందో నాకు అర్థం కాదు.

ఓఝా భువనేశ్వర్‌లో పుట్టి, కుర్రతనంలోనే హైదరాబాద్ చేరి, అక్కడి నుంచే రంజీ ఆడారు. ఆయన పేరు మరుగున పడడానికి ఈ పుట్టుక కూడా ఒక కారణమని నా అనుమానం. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా చదువుతో పెరిగే మా ఊరివాళ్ళకు ఈ తగువు కొత్త కాదు. ఒడిశాకు రంజీలో ఒక్క మ్యాచ్ ఆడకపోయినా మా ఒడియా మిత్రులు ఒడిశా క్రికెటర్లు శివసుందర్ దాస్, దేబాశిష్ మహంతిల సరసన ఆయననూ కలుపుకొని తమవాడనే అంటారు. పాతపట్నం మీదుగా మాకు పొద్దున్నే చేరే తెలుగు పత్రికలేమో ఆయనను పరాయివాడిని చేస్తాయి. అన్నట్టు, మీరంతా ఆయన ఇంటిపేరును ‘ఓజా’ అని రాస్తారు. ఒడియాలో అది ‘ఝ’ అక్షరమే. తెలుగు వర్ణమాలలోనూ ఆ అక్షరం ఉంది గనుక వాడుకోవడానికి అడ్డేమీ లేదు.

ఇక ఆట సంగతి. 2009 నవంబరులో కాన్పూర్‌లో శ్రీలంక మీద తొలి టెస్టు ఆడిన ఓఝా బంతిని మరీ గాలిలోకి ఎగరేసి ఊరించే రకం కాదు. ఎడమచేతి వాటంతో, ఒకే చోట, కాస్త వేగంగా, ఓవర్ల తరబడి విసుగు లేకుండా వేసి, తిరుగుతుందనుకున్న బంతిని తిన్నగా లోపలికి పంపి వికెట్ల ముందు దొరకబుచ్చుకొనేవారు. చూడడానికి అంత అందంగా ఉండదని కొందరు అనేవారు, అది నిజమే. కానీ 2012లో ఇంగ్లాండ్ వచ్చి మనను మన దేశంలోనే 2-1తో ఓడించి వెళ్ళిన సిరీస్‌లో, మిగిలిన మన బౌలర్లు తడబడినప్పుడు, వాళ్ళ స్పిన్నర్ గ్రేమ్ స్వాన్‌తో సమానంగా 20 వికెట్లు తీసినది ఈ అందం లేని బౌలింగే. అహ్మదాబాద్ తొలి ఇన్నింగ్స్‌లో 45 పరుగులకు 5 వికెట్లు ఆయనవే. ఐపీఎల్‌లో 2010లో దక్కన్ చార్జర్స్ తరఫున 21 వికెట్లు తీసి, ఎక్కువ వికెట్లు తీసినవారికిచ్చే పర్పుల్ క్యాప్ గెలిచిన సంగతి చాలామందికి గుర్తుంది కాబట్టి దాని మీద ఎక్కువ రాయను.

చిత్రమేమిటంటే మనవాళ్ళకు ఓఝా అనగానే గుర్తొచ్చేది ఆయన బ్యాటింగ్! 2010 అక్టోబరులో మొహాలీలో ఆస్ట్రేలియా మీద 216 పరుగుల లక్ష్యానికి 124కే 8 వికెట్లు పోగా, నడుము నొప్పితో, తన బదులు పరుగెత్తడానికి రన్నర్‌ను పెట్టుకొని ఆడుతున్న లక్ష్మణ్, ఇశాంత్‌తో కలిసి ఇన్నింగ్స్‌ను ఒడ్డు దగ్గరికి చేర్చారు. చివరగా దిగినవారు ఓఝా. ఎవరి మీదా గొంతెత్తడని పేరున్న లక్ష్మణ్, పరుగు విషయంలో తడబడిన ఓఝా మీద ఆ రోజు అరిచిన తీరు టీవీలో చూసినవారెవరూ మరిచిపోరు. ఒక్క వికెట్ తేడాతో గెలిచాం. ఓఝా టెస్టులన్నిటిలో కలిపి వంద పరుగులు కూడా చేయలేదు. పాత తరం స్పిన్నర్ చంద్రశేఖర్ మాదిరిగా ఆయనకూ పరుగులకంటే వికెట్లే ఎక్కువ.

నిజానికి ఆయనను దెబ్బతీసినది ఈ బ్యాటింగే. 2011లో అశ్విన్, 2012 చివర జడేజా టెస్టులలోకి వచ్చాక, బ్యాట్ పట్టగల ఇద్దరు స్పిన్నర్ల ముందు బౌలింగ్ మాత్రమే చేసేవాడికి చోటు ఇరుకైంది. జడేజాను ఎంచుకోవడం తప్పని అనను. తరువాతి ఏళ్ళలో ఆయన ఆట చూశాక అలా అనడం మొండితనమే. కానీ ఓఝా బౌలింగ్‌లో పస తగ్గి జట్టులో చోటు పోయిందనడం మాత్రం తప్పు. 2013 నవంబరులో వాంఖడేలో సచిన్ చివరి టెస్టులో వెస్టిండీస్ మీద ఓఝా 40 పరుగులకు 5, మళ్ళీ 49 పరుగులకు 5 వికెట్లు తీసి మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్ అయ్యారు. దేశమంతా సచిన్ కోసం కళ్ళు తుడుచుకుంటున్న ఆ రోజు ఆ పది వికెట్లను పట్టించుకున్నవారు తక్కువ. అదే ఓఝాకూ చివరి టెస్టు. అప్పటికి ఆయన వయసు 27. మరుసటి ఏడాది డిసెంబరులో బౌలింగ్ శైలి నిబంధనలకు లోబడి లేదేమోనన్న అనుమానంతో క్రికెట్ బోర్డు ఆయన బౌలింగ్‌ను ఆపింది, నెలన్నర తిరగకముందే అనుమతి ఇచ్చింది. భారత జట్టు నుంచి పిలుపు మాత్రం మళ్ళీ రాలేదు. బెంగాల్‌కు, బిహార్‌కు కూడా రంజీ ఆడి 2020 ఫిబ్రవరిలో ఆట మానుకున్నారు.

వచ్చే ఆదివారం సంచికలో ఆ పట్టికను సరిచేసి ఐదో పేరు చేర్చవలసిందిగా కోరుతున్నాను. ‘ఝ’తో.

ఇట్లు,
విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా